ఫెయిత్ కిప్యెగాన్ పరుగు జీవితం: బెంగళూరు తెలుగు తల్లిదండ్రులు తరచుగా అడిగే ప్రశ్నలు

కంఠీరవ స్టేడియం ట్రాక్‌కు పొద్దున్నే పిల్లలను తీసుకొచ్చే తెలుగువాళ్లు బెంగళూరులో తక్కువేమీ కాదు. మారతహళ్లి, వైట్‌ఫీల్డ్, కె.ఆర్. పురం నుంచి చీకటితోనే బయలుదేరి వస్తారు. పిల్లలు ట్రాక్ మీద ఉంటే పెద్దలు గ్యాలరీ మెట్ల మీద కూర్చుని కబుర్లు చెప్పుకుంటారు. ఆ కబుర్లలో ఈ మధ్య తరచూ వినిపించే పేరు కెన్యా పరుగుల రాణి ఫెయిత్ కిప్యెగాన్‌ది. అక్కడ నన్ను అడుగుతున్న ప్రశ్నలకు జవాబులన్నీ ఒకచోట రాసి పెడుతున్నాను. ఆమె పతకాల జాబితా ఎక్కడైనా దొరుకుతుంది కనుక ఆమె ఓడిన ఏళ్లు, ఆగిన ఏళ్ల గురించి కాస్త ఎక్కువ రాశాను. పిల్లలను పెంచుతున్నవాళ్లకు పనికొచ్చే సంగతులు అక్కడే ఉన్నాయని నా నమ్మకం.

ఎవరీమె? క్లుప్తంగా చెప్పండి.

1994 జనవరి 10న కెన్యాలో పుట్టారు. 1500 మీటర్ల పరుగులో 2016 రియో, 2021లో జరిగిన టోక్యో, 2024 పారిస్ ఒలింపిక్స్‌లో వరుసగా మూడు స్వర్ణాలు గెలిచారు. ఆ దూరంలో వరుసగా మూడు ఒలింపిక్ స్వర్ణాలు మగవాళ్లలోనూ మరెవరికీ లేవు. ప్రపంచ చాంపియన్‌షిప్‌లలో అదే పోటీలో 2017, 2022, 2023, 2025లలో స్వర్ణాలు. ప్రపంచ రికార్డు 3 నిమిషాల 48.68 సెకన్లు, 2025 జులై 5న అమెరికాలోని యూజీన్‌లో నెలకొల్పారు. మైలు పరుగు రికార్డు కూడా ఆమెదే.

1500 మీటర్లు ఏమిటి, రౌండ్ల లెక్కలో ఇమడని ఆ దూరం ఎక్కడిది?

ఒకప్పుడు ఫ్రాన్స్ వంటి చోట్ల 500 మీటర్ల ట్రాక్‌లు ఉండేవి, మూడు రౌండ్లు తిరిగితే సరిపోయేది. ట్రాక్ 400 మీటర్లకు స్థిరపడింది గానీ దూరం మారలేదు. అందుకే ఇప్పుడు మూడు ముప్పావు రౌండ్లు. ముగింపు గీతకు 300 మీటర్ల వెనక నుంచి పరుగు మొదలవుతుంది. గీతను మొదటిసారి దాటేసరికి ఇంకా మూడు నిండు రౌండ్లు ఉంటాయి. చివరి రౌండు మొదలైనప్పుడు గంట కొడతారు. స్టేడియంలో కూర్చుని చూసేవాళ్లు ఆ గంట దాకా టీ తాగుతూ ఉన్నా పెద్దగా నష్టం లేదని కొందరంటారు. నేను ఒప్పుకోను. కారణం రియో గురించిన జవాబులో ఉంది.

మా అబ్బాయి 100 మీటర్లు 15 సెకన్లలో పరిగెత్తుతాడు. ఆమె వేగం ఎంత?

అయితే మీ అబ్బాయి మొదటి 100 మీటర్లు ఆమె పక్కనే వెళ్లగలడు. ఆ తరువాత ఇంకా 1400 మీటర్లు ఉంటాయి.

3:48.68ని పంచి చూస్తే ప్రతి 100 మీటర్లకూ సుమారు 15.25 సెకన్లు, రౌండుకు 61 సెకన్లు. కంఠీరవలో ఒక పని చేసి చూడండి. మీ పిల్లల్లో బాగా పరిగెత్తేవారిని ఒక్క రౌండు 61 సెకన్లలో పూర్తి చేయమనండి. స్టాప్‌వాచ్ మీరే పట్టుకోండి. చివరి మలుపు దాటేటప్పటికి భుజాలు చెవుల దాకా లేస్తాయి, చేతులు పక్కలకు ఊగుతాయి, గీత దాటగానే మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని వంగిపోతారు. కిప్యెగాన్ అక్కడ వంగరు. అదే వేగంతో ఇంకా రెండు ముప్పావు రౌండ్లు వెళతారు, చివర్లో మరింత పెంచుతారు.

మన దేశంలో ఈ పోటీ ఎక్కడుంది?

మహిళల జాతీయ రికార్డు దీక్ష పేరిట ఉంది, 4:04.78, 2024 మేలో లాస్ ఏంజెలిస్‌లో. కిప్యెగాన్ రికార్డుతో తేడా 16.10 సెకన్లు. చెవికి చిన్నగానే వినిపిస్తుంది. ట్రాక్ మీద పెట్టి చూస్తే, ఒకరు గీత దాటేసరికి రెండోవారు చివరి మలుపు తిరిగి నేరు దారిలోకి అప్పుడే వస్తుంటారు, ఇంకా దాదాపు 100 మీటర్లు.

అంతకుముందు రికార్డు పుట్టింది మన వరంగల్‌లోనే. 2021 సెప్టెంబరులో అక్కడ జరిగిన జాతీయ ఓపెన్ పోటీల్లో హర్మిలన్ బైన్స్ 4:05.39లో పరిగెత్తి, సునీతా రాణి 2002 బుసాన్ ఆసియా క్రీడల్లో నెలకొల్పిన 4:06.03ను చెరిపేశారు. ఆ బుసాన్ క్రీడల్లోనే హర్మిలన్ తల్లి మాధురి 800 మీటర్లలో రజతం గెలిచారు. హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో హర్మిలన్‌కు 800, 1500 రెండింటిలోనూ రజతాలు వచ్చాయి. ఇంకొంచెం వెనక్కి వెళితే 1998 బ్యాంకాక్‌లో జ్యోతిర్మయి సిక్దర్ ఆ రెండు పోటీల్లోనూ స్వర్ణాలు గెలిచారు.

తెలుగువాళ్ల సంగతి అడుగుతారని తెలుసు. ఈ దూరాల్లో మనకు పేరున్నవాళ్లు దాదాపు లేరు. అయితే తెలంగాణ అమ్మాయి అగసర నందిని హాంగ్‌ఝౌలో హెప్టాథ్లాన్ కాంస్యం గెలిచింది. రెండు రోజుల్లో ఏడు పోటీలు ఉండే ఆ ఆటలో చిట్టచివరిది 800 మీటర్లు. ఆరు పోటీల అలసటతో 800 పరిగెత్తడం ఎలా ఉంటుందో ఆమెనే అడగాలి.

ఆమె చిన్నప్పటి నుంచీ గెలుస్తూనే ఉన్నారా?

జూనియర్ స్థాయిలో, అవును. 2011లో, 2013లో ప్రపంచ క్రాస్‌కంట్రీ (ట్రాక్ మీద కాకుండా పచ్చిక, మట్టి నేలల మీద పరుగు) జూనియర్ విజేత. 2012లో ప్రపంచ జూనియర్ పోటీల్లో 1500 స్వర్ణం. ఇవి చూసి 2012 లండన్ ఒలింపిక్స్‌లో ఏదో జరుగుతుందని అనుకుంటాం. పద్దెనిమిదేళ్ల అమ్మాయి హీట్స్‌లోనే, అంటే తొలి వడపోత పరుగుల్లోనే వెనుదిరిగింది.

తరువాతి నాలుగేళ్లు చూడండి. 2013 మాస్కో ప్రపంచ పోటీల్లో ఐదో స్థానం. 2014 గ్లాస్గో కామన్వెల్త్ క్రీడల్లో స్వర్ణం. 2015 బీజింగ్ ప్రపంచ పోటీల్లో ఇథియోపియా దిగ్గజం గెంజెబె దిబాబా వెనక రజతం. 2016లో ఒలింపిక్ స్వర్ణం. ప్రతి ఏడాదీ మెట్టు ఎక్కడమే తప్ప ఒక్కసారిగా ఎగిరి కూర్చోవడం లేదు. ఈ నాలుగేళ్లలో ఆమె తన పోటీ మార్చుకోలేదు. పిల్లవాడు జిల్లా పోటీల్లో గెలిచి రాష్ట్ర పోటీల్లో ఎనిమిదో స్థానంలో వస్తే రెండో రోజే కొత్త కోచ్ ఫోన్ నంబరు అడిగే నాన్నగారు ఈ పేరాను రెండుసార్లు చదవాలి.

చిన్నప్పుడు ఆమె వట్టి కాళ్లతో పరిగెత్తారట. మా పాపకూ బూట్లు మానిపించమంటారా?

వద్దు. 2011 క్రాస్‌కంట్రీలో ఆమె వట్టి కాళ్లతో గెలిచిన మాట నిజమే. అది పచ్చిక, మట్టి. మన దగ్గర రోడ్డు మీద ఏముంటుందో మీకు తెలుసు. అరగని బూట్లు ఒక జత చాలు. స్పైక్స్ (అడుగున మేకులుండే ట్రాక్ బూట్లు) కొనడానికీ తొందర లేదు.

రియో ఫైనల్ అంత నెమ్మదిగా ఎందుకు జరిగింది?

ఆమె గెలిచిన సమయం 4:08.92. హర్మిలన్ వరంగల్ సమయం కంటే మూడు సెకన్లకు పైగా ఎక్కువ! ఇది చూసి "అయితే మనవాళ్లు అక్కడ ఉంటే గెలిచేవాళ్లే కదా" అని అడిగినవారు ఉన్నారు. అలా కాదు.

డైమండ్ లీగ్ (ఏటా వేర్వేరు నగరాల్లో జరిగే అంతర్జాతీయ పోటీలు) వంటి వాటిలో ముందు పరిగెత్తి వేగం నిలబెట్టడానికి పేసర్లు ఉంటారు. వాళ్లు రెండు మూడు రౌండ్ల తరువాత పక్కకు తప్పుకుంటారు. ఒలింపిక్స్‌లో పేసర్లు ఉండరు. ముందు పరిగెత్తేవాళ్లు గాలిని చీల్చుకుంటూ వెళ్లాలి, వెనక ఉన్నవాళ్లు ఆ చాటున హాయిగా వస్తారు. కాబట్టి ఎవరూ ముందుకు రారు. రియోలో మొదటి రౌండ్లు నత్తనడకన సాగాయి. ఇంకా గంట మోగకముందే, సుమారు 700 మీటర్లు ఉండగా దిబాబా ఒక్కసారిగా వేగం పెంచేసింది. అప్పటి ప్రపంచ రికార్డు ఆమెదే, 3:50.07. అందరినీ అలసిపోయేలా చేసి వదిలించుకోవాలని ఆమె లెక్క. గుంపు చెల్లాచెదురైంది, ఒక్క కిప్యెగాన్ మాత్రం ఆమె వెనకే అతుక్కుని వచ్చింది. చివరి 200 మీటర్లలో పక్క నుంచి దాటేసింది. 1.35 సెకన్ల తేడా.

దీనర్థం, నెమ్మదిగా మొదలైన పరుగు చివరకు ఇంకా కఠినమవుతుంది. సగం దాకా నిదానంగా పరిగెత్తి, ఎవరు ఎప్పుడు కదులుతారోనని కాచుకుని ఉండి, కదిలిన క్షణంలోనే కదలాలి. 4:05 పరిగెత్తగల కాళ్లకు అది చేతకాదు. గంటకు ముందు టీ తాగేవాళ్లు తప్పిపోయేది కూడా ఇదే.

మా అత్తగారి ప్రశ్న: పెళ్లయి, బిడ్డ పుట్టాక కూడా పరుగేమిటి?

పెద్దావిడకు నా నమస్కారాలు. ఈ ప్రశ్నకు కిప్యెగాన్ కాళ్లతోనే జవాబు చెప్పారు.

ఆమె భర్త తిమోతీ కిటుమ్ కూడా పరుగు వీరుడే. 2012 లండన్ ఒలింపిక్స్ 800 మీటర్లలో డేవిడ్ రుడీషా 1:40.91తో ప్రపంచ రికార్డు సృష్టించిన పరుగు ఉంది కదా, అందులో కాంస్యం ఆయనదే. 2018 జూన్‌లో వీరికి పాప పుట్టింది. అప్పటికి ఆమె ఒలింపిక్ విజేత, ప్రపంచ విజేత, వయసు 24. చాలామంది ఇంతటితో సరి అనుకునే చోటు.

ఏడాది తరువాత, 2019 జూన్‌లో అమెరికాలో తిరిగి ట్రాక్ ఎక్కి ఆ పోటీ గెలిచారు. ఆ ఏడాది దోహా ప్రపంచ పోటీల్లో నెదర్లాండ్స్ పరుగువీరురాలు సిఫాన్ హసన్ చేతిలో ఓడి రజతం తీసుకున్నారు, కానీ సమయం 3:54.22, బిడ్డ పుట్టక ముందు ఏనాడూ పరిగెత్తనంత వేగం. 2021లో టోక్యోలో 3:53.11తో, 1988 నుంచి చెక్కుచెదరకుండా ఉన్న ఒలింపిక్ రికార్డును చెరిపేసి రెండో స్వర్ణం గెలిచారు. ప్రపంచ రికార్డులన్నీ తల్లి అయిన తరువాతివే. 2023 జూన్ 2న ఫ్లోరెన్స్‌లో 3:49.11, మహిళల్లో 3:50 లోపు మొదటిసారి. సరిగ్గా వారానికి పారిస్‌లో 5000 మీటర్లలో 14:05.20. జులై 21న మొనాకోలో మైలు 4:07.64. ఏడు వారాల్లో మూడు ప్రపంచ రికార్డులు. వాటిలో 5000 రికార్డును తరువాత ఇతరులు దాటారు.

ఇందులో నేను గమనించేది ఒకటుంది. తిరిగి వచ్చిన మొదటి ఏడాది ఆమె పెద్ద పోటీలో గెలవలేదు. రెండో ఏడాది ఒలింపిక్స్ కోవిడ్ వల్ల వాయిదా పడ్డాయి. మూడో ఏడాదికి గెలిచారు. ఆ మధ్యలో ఇంటివాళ్లు "ఇక చాలు" అనకపోవడం ముఖ్యం. అత్తగారికి ఈ మాట చెప్పే ధైర్యం మీదే, నాది కాదు.

పదో తరగతి కదా, ఏడాది పరుగు ఆపించేద్దామా?

ఇది నన్ను అందరికంటే ఎక్కువసార్లు అడిగే ప్రశ్న. పై జవాబులోనే ఉంది చాలావరకు. ఏడాది ఆగినంత మాత్రాన పరుగు పోదు. కాకపోతే, బిడ్డ కోసం ఆగడానికీ ట్యూషన్ కోసం ఆపించడానికీ తేడా ఉంది, మొదటిది ఆమె నిర్ణయం. మీ పిల్లల్ని అడగండి. వారానికి మూడు పొద్దులు ముప్పావుగంట చొప్పున నెమ్మదిగా పరిగెత్తితే మార్కులు తగ్గిపోవు, దమ్ము నిలబడుతుంది. పూర్తిగా ఆపినా, తిరిగి మొదలుపెట్టిన మొదటి నెలల్లో పాత సమయాలతో పోల్చి వేధించకండి. పరుగును పూర్తిగా మానేసిన పిల్లల్లో ఎక్కువమంది పరీక్షల వల్ల మానలేదు, ఆ పోలికల వల్ల మానారు.

కోచ్ ఎవరు? ఏం చేయిస్తారు?

పాట్రిక్ సాంగ్. 1992 బార్సిలోనా ఒలింపిక్స్‌లో 3000 మీటర్ల స్టీపుల్‌ఛేజ్ (అడ్డంకులు, నీటి గుంట దాటుతూ పరిగెత్తే పోటీ) రజత విజేత, మారథాన్ దిగ్గజం ఎలియుడ్ కిప్‌చోగే గురువు కూడా ఆయనే. పాప పుట్టిన తరువాత ఆమె ఆయన శిక్షణలోకి వచ్చారు. కెన్యాలోని కప్టగట్ అనే చోట, సుమారు 2400 మీటర్ల ఎత్తున శిబిరం. గదులు సాదాసీదా, ఇంటి పనులు అందరూ వంతులవారీగా చేసుకోవాలి. కోట్లు సంపాదించిన కిప్‌చోగే కూడా అక్కడ మరుగుదొడ్లు కడుగుతారు. నెమ్మదైన దూరపు పరుగులు, వారంలో కొన్ని రోజులు ట్రాక్ మీద వేగం. 1500 మీటర్లకు కావలసిన శక్తిలో సుమారు ఐదింట నాలుగు వంతులు ప్రాణవాయువు మీద నడిచేదే. అందుకే దూరపు పరుగులకు అంత చోటు.

బెంగళూరు కూడా ఎత్తులోనే ఉంది కదా, అదీ ఉపయోగమేనా?

బెంగళూరు సుమారు 920 మీటర్లు. ఎత్తు వల్ల రక్తంలో మార్పు రావాలంటే మామూలుగా 1800 మీటర్ల పైన వారాల తరబడి ఉండాలి. కాబట్టి మన నగరం ఇచ్చేది చల్లని పొద్దులు మాత్రమే. అదీ తక్కువ వరమేమీ కాదు, మే నెలలో విజయవాడలో పరిగెత్తి చూసినవారికి తెలుసు. మన జాతీయ జట్టు మధ్యదూర పరుగు శిబిరాలు ఊటీలో జరగడం చూసే ఉంటారు, అది సుమారు 2240 మీటర్ల ఎత్తు. సాయ్ (భారత క్రీడా ప్రాధికార సంస్థ) దక్షిణ కేంద్రం మాత్రం ఇక్కడే, మైసూరు రోడ్డు వైపు జ్ఞానభారతిలో ఉంది.

ఆహారం? ప్రోటీన్ పొడి కొనాలా?

కెన్యా పరుగువీరుల ముఖ్య ఆహారం ఉగాలి, మొక్కజొన్న పిండితో గట్టిగా కెలికి ముద్దగా చేస్తారు. మన సంగటి లాంటిదే, ఆకుకూరతో తింటారు. మీ ఇంట్లో రాగి సంగటి, పప్పు, గుడ్డు, పెరుగు ఉంటే పొడి డబ్బా దేనికి? పైగా కొన్ని పొడుల్లో లేబుల్ మీద రాయని నిషేధిత పదార్థాలు కలిసి ఉంటాయి. పరీక్షలో దొరికితే బాధ్యత తిన్నవారిదే, అమ్మినవారిది కాదు.

అమ్మాయిలకు ముఖ్యంగా రెండు. ఒకటి రక్తహీనత. ఎంత సాధన చేసినా సమయాలు తగ్గకపోతే ముందు హిమోగ్లోబిన్, ఫెరిటిన్ (ఒంట్లో ఇనుము నిల్వ) పరీక్ష చేయించండి. భోజనం కాగానే టీ తాగే అలవాటు ఇనుమును ఒంటికి పట్టనివ్వదు, నిమ్మరసం పిండుకుంటే మేలు. రెండోది నెలసరి. మూడు నెలలు ఆగిపోతే అది గొప్ప సాధనకు గుర్తు కాదు, చాలాసార్లు తిండి చాలడం లేదని గుర్తు. ఎముకలు దెబ్బతింటాయి. డాక్టరుకు చూపించండి. దీన్ని సిగ్గుపడే విషయంగా చేసే కోచ్ దగ్గర అమ్మాయిని ఉంచకండి.

కెన్యావాళ్లంటే డోపింగ్ అంటారు కదా?

చాలామంది దొరికారు, దాచేది లేదు. 2008 బీజింగ్ 1500లో గెలిచిన బహ్రెయిన్ ఆటగాడు రషీద్ రమ్జీ డోపింగ్‌లో దొరికి స్వర్ణం కోల్పోయాడు. దాన్ని కెన్యాకు చెందిన ఆస్బెల్ కిప్రోప్‌కు ఇచ్చారు. ఆ కిప్రోప్ 2017లో ఈపీఓ (రక్తంలో ఎర్రకణాలను పెంచే నిషేధిత మందు) పరీక్షలో దొరికి నాలుగేళ్ల నిషేధానికి గురయ్యాడు. కిప్యెగాన్ మీద అలాంటి కేసు లేదు. మన సునీతా రాణికి బుసాన్‌లో పతకాలు తీసేసి, తరువాత తిరిగి ఇచ్చారని కూడా గుర్తుంచుకోండి. మన దేశపు లెక్కలూ గర్వపడేలా లేవు, కాబట్టి కెన్యా వైపు వేలు చూపేముందు కాస్త ఆగుదాం.

నాలుగు నిమిషాల్లో మైలు సంగతి ఏమైంది?

కాలేదు. 2025 జూన్ 26న పారిస్‌లో ప్రత్యేకంగా ఏర్పాటు చేసిన పరుగులో, మగ పేసర్లు చుట్టూ ఉండి గాలి అడ్డుకుంటే కూడా 4:06 పైనే ఆగారు. ఆ ఏర్పాటు వల్ల అది రికార్డు లెక్కలోకీ రాదు. 1954లో రోజర్ బానిస్టర్ మగవాళ్లలో ఆ గీత దాటారు. పారిస్ పరుగు జరిగి పది రోజులు కూడా గడవకముందే కిప్యెగాన్ యూజీన్‌లో 1500 మీటర్లు 3:48.68 పరిగెత్తారు.

ఇందులో డబ్బు ఉందా?

పైన ఉన్నవాళ్లకు ఉంది. పారిస్ ఒలింపిక్స్‌లో అథ్లెటిక్స్ స్వర్ణానికి తొలిసారిగా 50 వేల డాలర్లు ఇచ్చారు, ప్రపంచ చాంపియన్‌షిప్ స్వర్ణానికి 70 వేలు. మన దగ్గర జాతీయ స్థాయి పతకానికి రైల్వే, పోలీసు, సైన్యం వంటి చోట్ల క్రీడా కోటా ఉద్యోగం ఆశించవచ్చు. 800 మీటర్లలో ఒలింపిక్ సెమీఫైనల్ చేరిన షైనీ విల్సన్ చెన్నైలో భారత ఆహార సంస్థ (ఎఫ్‌సీఐ)లో ఉద్యోగం చేశారు. ఆ ఉద్యోగం కోసమే పిల్లవాణ్ని పరిగెత్తించాలనుకుంటే దానికంటే బ్యాంకు పరీక్షలు సులువు.

పన్నెండేళ్ల వాడిని బెంగళూరు టెన్‌కే (10 కిలోమీటర్ల రోడ్డు పరుగు)లో పరిగెత్తించవచ్చా?

2008 నుంచి జరుగుతున్న మంచి పోటీ అది. వెళ్లి రోడ్డు పక్కన నిలబడి చూడండి. పరిగెత్తడానికి ఇంకా చాలా ఏళ్లున్నాయి.

ఆమె పరుగుల్లో పిల్లలకు ఏవి చూపించాలి?

నాలుగు చాలు. మొదట 2016 రియో, ఎత్తుగడ కోసం. తరువాత 2019 దోహా, ఓడిన పరుగు. హసన్ మొదటి నుంచీ వేగం పెంచుకుంటూ పోతే కిప్యెగాన్ ఎక్కడ వెనకబడ్డారో పిల్లలనే కనిపెట్టమనండి. మూడోది 2023 మొనాకో మైలు, గీత దాటాక ఓడినవాళ్లంతా వచ్చి ఆమెను చుట్టుముట్టి సంబరం చేసుకోవడం దాకా చూడాలి. నాలుగోది 2024 పారిస్. దానికి ఐదు రోజుల ముందు 5000 మీటర్లలో ఆమెను మొదట అనర్హురాలిగా ప్రకటించి, అప్పీలు తరువాత రజతం తిరిగి ఇచ్చారు. ఆ గందరగోళం తరువాత వచ్చి 3:51.29తో ఒలింపిక్ రికార్డు పెట్టారు. చూసేటప్పుడు ప్రతి 400 మీటర్లకూ గడియారం ఆపి సమయం కాగితం మీద రాయించండి. ఆ కాగితాలు ట్రాక్‌కు తెస్తే ఏ కోచ్ అయినా పది నిమిషాలు కూర్చుని వివరిస్తారు.